దూరమే, అత్తయ్యా

చెప్పుల స్టాండులో పై అర సోమేశ్వరరావుది. అలాగని ఎవరూ రాసి ఇవ్వలేదు గానీ, బహ్రెయిన్‌లో జింజ్ అనే ఈ పేటలో, ఈ ఫ్లాట్‌లోకి దిగిన నాటినుంచీ ఆయన ఆఫీసు బూట్లు అక్కడే ఉంటాయి. మడమలు గోడవైపు, ముక్కులు మనవైపు. బుధవారం పొద్దున ఆ అరలో ఒక తెల్ల బూట్ల జత కూర్చుని ఉంది. ఆయన నల్ల బూట్లు కింది అరలోకి, హవాయి చెప్పుల పక్కకి దిగిపోయాయి.

"ఇవెవరివి?" అన్నాడు సోమేశ్వరరావు, ఒక చేతిలో సాక్స్ పట్టుకుని.

"నావే," అంది భార్య శోభారాణి వంటింట్లోంచి.

"నా అరలో ఎందుకున్నాయి?"

"కింద తడిగా ఉంది. రాత్రి అత్తయ్యగారు బాత్రూం చెప్పులు అక్కడ పెట్టారు. కొత్తవి కదా అని పైన పెట్టాను."

"అంటే నావి తడిసినా ఫరవాలేదన్నమాట. తోలు తడవకూడదు, గుడ్డ తడిస్తే ఆరుతుంది. బీఎస్సీ చదివావు, ఆ మాత్రం తెలీదా?"

"నేను చదివింది బోటనీ. తోలు చెట్టుకి కాయదు."

బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ కూతురు మృదుల ఇద్దరి మధ్యలోంచి తన బూట్లు లాక్కుంది. "స్కూలు బస్సు వచ్చేసింది. మీ సరిహద్దు తగాదా సాయంత్రం తేల్చుకోండి," అని మెట్లు దిగిపోయింది.

సోమేశ్వరరావు నల్ల బూట్లు తీసి, అడుగు తడిమి చూశాడు. తడి లేదు. లేనందుకు ఇంకాస్త కోపం వచ్చింది. "అసలు నీకు నడిచే బూట్లెందుకు? ఎక్కడికి నడుస్తావు? కోల్డ్ స్టోర్‌కి వెళ్ళి కొత్తిమీర కట్ట తేవడానికా?"

బహ్రెయిన్‌లో వీధి మలుపు కిరాణా కొట్టుని కోల్డ్ స్టోర్ అంటారు. శోభారాణి ఇంటి కింద ఒకటుంది. లిఫ్టు దిగి పది అడుగులు వేస్తే కొత్తిమీర. ఆ పది అడుగులకి బూట్లు అక్కర్లేదన్న మాట నిజమే. అందుకే ఆమె దోసె తిరగేసింది. అది ఒక పక్క మాడింది.

బూట్లు ఎందుకో ఇద్దరికీ తెలుసు. వచ్చే నెల కంపెనీ వాళ్ళు సోమేశ్వరరావుని బెల్జియంలో గెంట్ అనే ఊరికి పంపుతున్నారు. అక్కడి ఫ్యాక్టరీలో కొత్త క్రేను తయారవుతోంది, దాన్ని పరీక్ష చేసి సంతకం పెట్టి రావాలి. భార్యని తీసుకెళ్ళవచ్చు. సాయంత్రాలు ఆయనకి ఖాళీయే. ఒక్క గురువారం మాత్రం పొద్దున్నుంచి రాత్రిదాకా ఫ్యాక్టరీలోనే ఉండాలి. ఆ ఒక్క రోజు శోభారాణి ఏం చెయ్యాలన్నది వారం రోజులుగా ఇంట్లో నలుగుతున్న ప్రశ్న.

శోభారాణి ఆ ఊరి మ్యాపు మృదుల లాప్‌టాప్‌లో చూసింది. ఊరంతా కాలినడకలో ఉంది. మధ్యలో కాలవ, కాలవ మీద రాతి వంతెన, వంతెన మీద నిలబడితే వరసగా మూడు గోపురాలు. నడిబొడ్డున ఒక కోట. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి అన్నీ చూడొచ్చు. చూసిన రోజునే వెళ్ళి బూట్లు కొనుక్కుంది.

"ఆదివారం వీసా అపాయింట్‌మెంట్," అన్నాడు సోమేశ్వరరావు లేసు ముడి వేసుకుంటూ. "నీది ఉంచాలో తీసెయ్యాలో రాత్రి భోజనాల దగ్గర చెప్పెయ్. వస్తే మాత్రం, గురువారం హోటల్లోనే ఉండాలి. కింద రెస్టారెంట్ ఉంటుంది, టీవీ ఉంటుంది. భాష తెలీని ఊళ్ళో నువ్వు తప్పిపోతే నేను క్రేను చూడనా, నిన్ను వెతకనా? లేదంటే ఇప్పుడు మానెయ్. వేసవిలో అందరం ప్యాకేజీ టూర్‌కి వెళ్దాం."

"నేను తప్పిపోతానని ఎందుకనుకుంటున్నారు?"

"ఈ ఊళ్ళో పధ్నాలుగేళ్ళుగా ఉన్నావు. ఒక్కసారైనా ఒక్కదానివీ ఎక్కడికైనా వెళ్ళావా?"

అది దెప్పుడు కాదు. ఆయన నిజంగానే అడిగాడు. గుర్తు చేసుకోవడానికి ఆమెకి కొంచెం సమయం కూడా ఇచ్చాడు. తర్వాత కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

శోభారాణి మాడిన దోసె తనే తింది. స్టవ్ తుడిచింది. తుడిచిన స్టవ్‌నే మళ్ళీ తుడిచింది. పులిహోర కలిపింది, పప్పు చేసి మూత పెట్టింది, డాబా లేని ఇంట్లో కాస్త ఎండ పడే బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేసింది. ఎక్కడా కాలు నిలవలేదు. లేదు, వెళ్ళలేదు. కారులో వెళ్ళింది, స్కూలు మీటింగులకి స్నేహితురాలితో వెళ్ళింది, గుడికి అందరితో వెళ్ళింది. ఒక్కతీ వెళ్ళలేదు. వెళ్ళగలదో లేదో కూడా తెలీదు. రాత్రి ఏదో ఒకటి చెప్పాలి. తెలీని విషయం మీద ఏం చెబుతుంది? హోటల్లో కూర్చుంటానని ఒప్పుకోవడం సుఖం. ఆ సుఖానికే ఆమెకి భయం వేసింది.

పులిహోర చిన్న డబ్బాలో సర్దుకుంది. నీళ్ళసీసా నింపుకుంది. పై అరలోంచి తెల్ల బూట్లు తీసింది.

హాల్లో నరసాయమ్మ చాపమీద కూర్చుని పళ్ళెంలో బియ్యం ఏరుతోంది. ఆవిడ చలికాలం మూడు నెలలూ కొడుకు దగ్గర ఉండిపోదామని తణుకు నుంచి వచ్చింది. బహ్రెయిన్‌లో కొన్న బియ్యంలో రాళ్ళుండవు. అయినా ఏరుతుంది. రాయి దొరక్కపోతే ఆ రోజు సరిగా చూడలేదని అనుకుంటుంది. కోడలు బూట్లు కట్టుకోవడం చూసి తలెత్తింది. నోరు తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఆగింది.

శోభారాణికి నవ్వొచ్చింది, ఆపుకుంది. నరసాయమ్మకి కొన్ని పట్టింపులున్నాయి. బయల్దేరిన మనిషిని ఎక్కడికి అని అడగకూడదన్నది వాటన్నిటికీ పెద్దక్క. అడిగితే వెళ్ళిన పని కాదు. ఆవిడ భర్త ఊళ్ళోకి వెళ్తుంటే నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదట. పేకాటకి వెళ్తున్నాడని తెలిసిన రోజున కూడా అడగలేదు. ఆ పని కాకపోతే బాగుండునని మనసులో మాత్రం అనుకుందట.

"దూరమేనా?" అంది చివరికి. ఆవిడకి అనుమతి ఉన్న ప్రశ్న అదొక్కటే.

"దూరమే, అత్తయ్యా. సాయంత్రానికి వచ్చేస్తాను. అన్నం టేబుల్ మీద పెట్టాను. గ్యాస్ ముట్టుకోకండి."

"కాసిని మంచినీళ్ళు తాగి, కూర్చుని లేచి వెళ్ళు."

శోభారాణి తాగింది, కూర్చుంది, లేచింది.

ఎండ ఉంది గానీ చలికాలపు ఎండ. గాలి సముద్రం మీంచి వస్తోంది. బస్టాపులో ఆమె తప్ప అందరూ పనివాళ్ళే. ఎర్ర బస్సు వచ్చింది. చిన్నప్పుడు తణుకు బస్టాండులో చూసిన ఎర్రకి, దీనికీ తేడా ఉంది. అయినా ఎక్కుతున్నప్పుడు, ఎర్రబస్సెక్కి వచ్చిందని మొగుడు ఎన్నిసార్లు ఎవరెవరిని వెక్కిరించాడో గుర్తొచ్చింది. మనామాలో దిగి, ముహర్రఖ్ వెళ్ళే బస్సు మారింది. వంతెన మీద బస్సు వెళ్తుంటే రెండు పక్కలా నీళ్ళు. కిటికీ పక్కన కూర్చుని కూడా ఆమె సీటు అంచునే పట్టుకుని ఉంది, తర్వాతి స్టాపు తనదేనేమోనని.

ముహర్రఖ్ పాత ఊరు. ఒకప్పుడు ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్ళు, ఆ ముత్యాలమ్మి షావుకార్లు అయినవాళ్ళు ఉన్న ఊరు. వాళ్ళ ఇళ్ళన్నిటినీ కలుపుతూ సందుల్లోంచి ఒక నడక దారి వేశారు. దారి తప్పకుండా అక్కడక్కడా స్తంభాలు నాటి, ఒక్కో స్తంభం మీద ఒక్కో తెల్లటి గుండ్రటి దీపం పెట్టారు, ముత్యంలా. ఆ దీపాలు చూసుకుంటూ పోతే చాలు. యూరప్ ఊరు కాదు గానీ, కాలినడక ఊరు. దీన్నొక్కతీ నడవగలిగితే దాన్నీ నడవగలదు. ఆమె వేసుకున్న లెక్క అంతే.

నడిచింది. పగడపు రాయి గోడలు, గాలిని కిందికి దింపే బురుజులున్న మేడ, చెక్కిన తలుపులు, నీలం రంగు వెలిసిన కిటికీ. ఒక ఇంట్లోకి వెళ్ళింది, పైకప్పు దూలాలు చూసింది, బయటికొచ్చింది. ఇంకో ఇల్లు. అద్దాల పెట్టెలో మునిగేవాళ్ళు ముక్కుకి పెట్టుకునే క్లిప్పు. చూసింది, వచ్చింది. మసీదు. చిన్న ఖాళీ స్థలం, నాలుగు చెట్లు, బెంచీ. దాటింది. దీపం తర్వాత దీపం. ఎక్కడా తప్పిపోలేదు. ఎవరినీ అడగనక్కర్లేదు. బజారులోకొచ్చి చూసుకునేసరికి దారి చివరికొచ్చేసింది. ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు.

అయిపోయింది. ఇంతేనా?

బాగానే చేసిందని తనకి తను చెప్పుకోబోయింది. చెప్పుకోలేకపోయింది. మృదుల అడిగితే ఏం చూశానని చెబుతుంది? ఆ నీలం కిటికీ మొదటి ఇంటిదా, రెండో ఇంటిదా? దూలాలు దేనితో చేశారు? బోటనీ చదివిన మనిషి, ఆ నాలుగు చెట్లూ ఏ చెట్లో కూడా చూడలేదు. కాళ్ళల్లో ఇంకా పరుగు ఉంది. బజారులో హల్వా కొట్టు ముందు నిలబడితే, కొట్టువాడు రుచికి పెట్టిన ముక్క కూడా నోట్లో వేసుకుని నడుస్తూనే నమిలింది. కుంకుమపువ్వు వాసన గొంతు దిగాక తెలిసింది.

అంతలో బజారు మూతపడటం మొదలైంది. ఇక్కడ పాత బజార్లు మధ్యాహ్నం మూసేసి మళ్ళీ నాలుగింటికి తీస్తారు. ఆ సంగతి ఆమెకి తెలిసే ఉండాలి. కానీ సోమేశ్వరరావు ఎప్పుడూ తీసి ఉన్న వేళకే తీసుకొస్తాడు గనక తెలుసుకునే అవసరం రాలేదు. షట్టర్లు ఒక్కొక్కటే దిగాయి. సందులు ఖాళీ అయ్యాయి. పిల్లులు మిగిలాయి. ఇక వెళ్ళడానికి చోటు లేదు. బస్టాపు వైపు నాలుగడుగులు వేసింది. ఇంటికెళ్ళిపోతే అత్తయ్య భోజనానికి అందుకోవచ్చు. మళ్ళీ వెనక్కి తిరిగింది. ఎందుకు తిరిగిందో తెలీదు. చెట్లున్న ఖాళీ స్థలం దాకా వచ్చి బెంచీ మీద కూర్చుంది. అంచున.

ఎదురుగా చిన్న టైలరింగ్ షాపు. ఒక నడివయసావిడ షట్టరు సగం దించి, దాని కింద నుంచి వంగి బయటికొచ్చింది. నల్ల బురఖా, మెడలో కొలతల టేపు. శోభారాణిని చూసింది. చెప్పులు సర్దుకుంది, మళ్ళీ చూసింది.

"ఇండియానా అమ్మా? ఎక్కడ?" అంది హిందీలో.

"తణుకు. ఆంధ్రా."

"అట్లనా. మాది జగిత్యాల." ఆవిడ తెలుగులోకి దిగిపోయింది. "ఖుర్షీద్ బేగం అంటరు నన్ను. అయితే ఎవరి కోసం ఎదురుచూస్తున్నరు? సార్ బండి పార్కింగ్‌కు పోయిండా?"

"ఎవరి కోసమూ కాదు. ఒక్కదాన్నే వచ్చాను. ఊరు చూద్దామని."

"మరి అట్ల కూసున్నరేంది? హారన్ కొడ్తే లేచి ఉరుకుదామన్నట్టు."

శోభారాణి తన కాళ్ళ వైపు చూసుకుంది. మడమలు లేచి ఉన్నాయి.

ఖుర్షీద్ బేగం నవ్వి బెంచీ రెండో చివర కూలబడింది. "నా దుకాణంకొచ్చే మన ఆడోళ్ళందరు గిట్లనే. సార్ బండిల కూసోని ఇంజన్ బంద్ చెయ్యడు. లోపల నేను భుజం కొలిచేసరికి ఒక హారన్, నడుము కొలిచేసరికి ఇంకో హారన్. చేతి కొలత ఇయ్యకుండనే ఉర్కుతరు. నేను అందాజుకు కుడ్త. మళ్ళొచ్చి, చేతులు టైటైనయి ఖుర్షీదక్కా అని నన్నే అంటరు."

శోభారాణి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగింది. "ఐదు నిమిషాలు, బండి ఆన్‌లో ఉంది." పధ్నాలుగేళ్ళుగా విన్న మాట. మందుల షాపు ముందు, చీరల షాపు ముందు, గుడి ముందు కూడా. ఈ పొద్దున ఆ మాట ఎవరూ అనలేదు. వెనక బండే లేదు. అయినా ఆమె ఆ ఇళ్ళన్నిటినీ బయట ఎవరో స్టీరింగ్ మీద వేలితో కొడుతూ కూర్చున్నట్టే చూసొచ్చింది. దారి తప్పుతుందని మొగుడు భయపడ్డాడు, తనూ భయపడింది. ఇద్దరిదీ తప్పు భయం. దీపాలు పెట్టిన దారిలో ఎవరు తప్పిపోతారు? గెంట్ వెళ్ళినా ఇంతే. మూడు గోపురాలూ గబగబా చూసేసి, మధ్యాహ్నానికల్లా తన అంతట తనే హోటలు గదిలోకి వచ్చి కూర్చుంటుంది. ఎవరూ కట్టెయ్యక్కర్లేదు.

డబ్బా తీసి మూతలో పులిహోర పెట్టి ఇచ్చింది. ఖుర్షీద్ బేగం మొహమాటపడలేదు. "ఇంగువ వేసిన్రు. మూత తియ్యకముందే సమజైంది. రోజూ కూసుంటరా ఈడ?"

"ఇవాళే."

"అయితే నాలుగింటిదాంక కూసోండ్రి. దుకాణం తీస్త. చేతి కొలత ఇచ్చి పోండ్రి, నిదానంగ."

ఫోను మోగింది. సోమేశ్వరరావు. భోజనం వేళ ఒకసారి చేస్తాడు, రోజూ.

"ఏం చేస్తున్నావు?"

"పులిహోర తింటున్నాను."

"ఆ చప్పుడేంటి?"

శోభారాణి తలెత్తింది. చెట్టు మీంచి పావురాలు దిగి మెతుకుల చుట్టూ తిరుగుతున్నాయి. "పావురాలు."

"మళ్ళీ బాల్కనీలోకి వచ్చాయా? నెట్ కట్టించాలి, మర్చిపోతున్నాను. సరే, ఆదివారం సంగతి ఆలోచించావా?"

"ఆలోచిస్తున్నాను. రాత్రి చెప్తాను."

ఫోను పెట్టేశాక ఒక్క క్షణం తప్పు చేసినట్టు అనిపించింది. అబద్ధమైతే ఆడలేదు. ఖుర్షీద్ బేగం మాత్రం మూత వేలితో తుడిచి తింటూ, "బాల్కనీ మంచిగుంది మీది," అంది.

ఆవిడ ఇంటికి వెళ్ళిపోయాక శోభారాణి బెంచీ మీద వెనక్కి జరిగి కూర్చుంది. వీపు ఆనించింది. కాసేపటికే లేవాలనిపించింది. లేవలేదు. మళ్ళీ అనిపించింది. చెట్ల వైపు చూసింది. ఒకటి వేప. రెండోది రేగు. ఇంత ఉప్పు నేలలో రేగుచెట్టు ఇలా ఎదగడం చూసి లేచి వెళ్ళి ఆకు తిప్పి చూసింది. అడుగున తెల్లటి నూగు. ఏలూరు కాలేజీ ల్యాబులో ఇదే ఆకుని పలచగా కోసి గాజు పలక మీద పెట్టింది ఒకప్పుడు. కొమ్మ మీద ఇంకా పచ్చి కాయలున్నాయి. ఒకటి కోసుకుని కొరికింది. వగరు.

అప్పుడు దారి మళ్ళీ మొదటినుంచీ నడిచింది. ఈసారి దీపాలు చూసుకోలేదు. సందు కనిపిస్తే దూరింది, గోడ అడ్డొస్తే తిరిగొచ్చింది. గోడ రాళ్ళలో పగడం తాలూకు చిన్న చిన్న చిల్లులు, వేలు పెడితే పట్టేంత. కింద పరిచిన పలకల్లో ఆల్చిప్ప ముక్కలు కలిపి పోశారు, ఎండ వాలితే మెరుస్తున్నాయి. పొద్దున వాటి మీదే నడిచింది. నీలం కిటికీ ఈసారి కనబడలేదు. రెండు సందులు వెతికింది, మళ్ళీ వెతికింది, దొరకలేదు. దొరకనందుకు చికాకు పడుతూనే నడిచింది. కాళ్ళలో పరుగు పూర్తిగా పోలేదు. ఒక్కరోజులో పోయేది కాదని అర్థమైంది. అయితే ఇప్పుడు పరుగు వస్తున్నప్పుడు ముందే తెలుస్తోంది, తుమ్ము వచ్చే ముందు తెలిసినట్టు. తెలిసినప్పుడల్లా నిలబడింది.

షాపులు తీశాక చేతి కొలత ఇచ్చింది. ఖుర్షీద్ బేగం రెండుసార్లు కొలిచింది, కావాలనే నెమ్మదిగా.

మనామాలో మారి ఎక్కిన తిరుగు బస్సులో కుడివైపు సీట్లన్నీ నిండిపోయాయి. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంది. పొద్దు గుంకుతోంది, షాపుల లైట్లు వెలుగుతున్నాయి. రోజంతా కొత్త ఊళ్ళో తిరిగి తప్పిపోలేదు. ఇంక ఇంటిదారి. కళ్ళు మూతలు పడుతున్నాయి.

అక్కడే జరిగింది పొరపాటు. కారులో ఆమె సీటు ఎప్పుడూ కుడివైపు. వెళ్ళేటప్పుడు రోడ్డుకి ఒక పక్క చూస్తుంది, వచ్చేటప్పుడు రెండో పక్క. ఏ పక్కనయినా ఒకే వరసలో చూసింది పధ్నాలుగేళ్ళూ. ఇప్పుడు ఎడమవైపు కిటికీలోంచి, వెళ్ళేటప్పుడు చూసే షాపులు వచ్చేటప్పుడు కనిపిస్తున్నాయి, అదీ తోక నుంచి తలకి. తమ వీధికి గుర్తయిన కర్టెన్ల షాపు రావాల్సిన చోట పెట్రోలు బంకు. ఇది ఇంకా మన వీధి కాదనుకుంది. తర్వాత బేకరీ. ఇదీ కాదనుకుంది. కర్టెన్ల షాపు కనిపించేసరికి, మన జింజ్ ఇదేనన్నమాట అని తెలిసేసరికి, బస్సు ముందుకెళ్ళిపోయింది. గంట నొక్కింది. తర్వాతి స్టాపులో దింపాడు. పక్క పేట, ఉమ్మ్ అల్ హస్సామ్.

ఫుట్‌పాత్ మీద నిలబడి ఆమె ఫోను తీసింది. సోమేశ్వరరావు ఈపాటికి ఇంటికొచ్చి ఉంటాడు. ఫోను చేస్తే వచ్చి ఎక్కించుకుంటాడు. ఎక్కాక ఏమంటాడో కూడా తెలుసు. ఒక్క మాట అంటాడు, అది చాలు. గెంట్ సంగతి ఆ సీట్లోనే తేలిపోతుంది. పైగా ఆయన మాట తప్పని ఎలా అంటుంది? సొంత వీధినే పోల్చుకోలేదు కదా.

ఫోను బ్యాగులో పడేసింది. కర్టెన్ల షాపు ఎటువైపు ఉందో తెలుసు. అటు నడిచింది. సిగ్నల్ దగ్గర ఆగి దాటింది. కార్లు ఆగాయి. ఒక కోల్డ్ స్టోర్, ఒక మంగలి షాపు, తందూరీ రొట్టెల పొయ్యి, దాని ముందు వరసలో నిలబడ్డ జనం. ఇవేవీ కారులోంచి ఎప్పుడూ కనబడలేదు, ఇంటికి ఇంత దగ్గరలో ఉన్నా. రొట్టె ఒకటి కొనుక్కుని, చివర తుంచి తింటూ నడిచింది. దుమ్ముకి బూట్లు ఇక తెల్లగా లేవు.

తలుపు తీసింది సోమేశ్వరరావే. ఆమె మొహం చూశాడు, చేతిలో రొట్టె చూశాడు, బూట్లు చూశాడు.

"అమ్మని అడిగితే దూరం వెళ్ళిందంటుంది. ఎంత దూరమో తనకీ తెలీదు, నాకు చెప్పదు. ఫోను చేద్దామంటే, దారిలో ఉన్న మనిషిని పిలవకూడదంటుంది."

"కూడదు," అంది నరసాయమ్మ లోపల్నుంచి. "కంచాలు పెట్టేశాను. రండి."

నలుగురూ కూర్చున్నారు. పొద్దుటి పప్పు, అప్పడాలు, మజ్జిగ. మృదుల రొట్టె అందుకుని సగం చించుకుంది. ఎవరో ఒకరు మొదలు పెట్టాలి గనక సోమేశ్వరరావు మొదలుపెట్టాడు.

"ఇంతకీ ఏ ఊరు వెళ్ళొచ్చావు?"

"ముహర్రఖ్."

"ఎవరితో?"

"ఎవరితోనూ కాదు."

"ట్యాక్సీలోనా?"

"ఎర్ర బస్సులో."

"ఇక్కడా ఎర్ర బస్సేనా?" అంది నరసాయమ్మ ఆశ్చర్యపోయి.

"మరి మధ్యాహ్నం బాల్కనీలో పావురాలన్నావు."

"పావురాలే అన్నాను. బాల్కనీ మీరన్నారు."

మృదుల అప్పడం నోట్లో పెట్టుకుని గోడవైపు తిరిగింది.

"సరే," అన్నాడు సోమేశ్వరరావు. కోపం తెచ్చుకోవాలో వద్దో తేల్చుకోలేనట్టు అన్నం కలిపిందే కలిపాడు. "క్షేమంగా వచ్చావు, సంతోషం. తప్పిపోలేదు కదా."

దాచొచ్చు. ఎవరూ చూడలేదు. కానీ సరిగా చెప్పకపోతే ఆ తర్వాత చెప్పబోయేదానికి విలువుండదని శోభారాణికి అనిపించింది. "ముహర్రఖ్‌లో తప్పిపోలేదు. ఇక్కడ తప్పిపోయాను. ఎడమవైపు కూర్చుంటే మన వీధి నాకు తెలియలేదు. స్టాపు దాటేశాను. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో దింపారు."

"చూశావా మరి?" సోమేశ్వరరావు చెయ్యి గాల్లో ఆగింది. "అదే నేననేది. సొంత వీధే పోల్చుకోలేని మనిషివి, గెంట్‌లో—"

"పోల్చుకోలేదు. దిగాను, నడిచాను, వచ్చాను. తలుపు మీరే తీశారు."

ఆయన రొట్టె ముక్క వైపు చూశాడు.

శోభారాణి చెయ్యి కడుక్కోలేదు, లేవలేదు, గరిటె కోసం చూడలేదు. కూర్చునే చెప్పింది. "ఆదివారం అపాయింట్‌మెంట్ ఉంచండి, నేను వస్తున్నాను. గురువారం మీరు ఫ్యాక్టరీకి వెళ్ళండి. నేను హోటల్లో కూర్చోను, ఊళ్ళోకి వెళ్తాను. పొద్దున్నుంచి సాయంత్రందాకా. ఆ రోజు మధ్యాహ్నం ఫోను చెయ్యకండి. తప్పిపోతే నేనే చేస్తాను. లేకపోతే రాత్రి భోజనానికి వచ్చి, ఏం చూశానో చెప్తాను."

మృదుల నమలడం ఆపింది. సోమేశ్వరరావు తల్లి వైపు చూశాడు, అక్కడ సాయం దొరుకుతుందేమోనని. నరసాయమ్మ అప్పడం విరుచుకుంటోంది.

"సరే, వస్తే రా," అన్నాడు. "కానీ ఒక ప్లాన్ అంటూ ఉండాలి కదా. పొద్దున బయల్దేరి ఎక్కడికి—"

"ఒరే సోమూ," అంది నరసాయమ్మ. "బయల్దేరే మనిషిని ఆ మాట అడక్కూడదని నీకు పుట్టినప్పట్నుంచీ చెబుతున్నాను." ఆవిడ కోడలి గ్లాసులో మజ్జిగ పోసి ముందుకి జరిపింది. "తాగి వెళ్ళు. దూరమేనా?"

"దూరమే, అత్తయ్యా," అంది శోభారాణి. మజ్జిగ నెమ్మదిగా తాగింది.